నల్లరాయి, తెల్లని ఎండ: ఆప్రవాసి ఘాట్‌లో ఒక కెమెరా పాఠం

మనలో చాలామంది ఆప్రవాసి ఘాట్‌కు వెళ్ళే ఉంటారు. బడి పిల్లలతోనో, బయటి దేశం నుంచి వచ్చిన చుట్టాలతోనో, నవంబరు 2న పూలు పట్టుకునో వెళ్ళి ఉంటారు. అక్కడ ఫోటోలు కూడా తీసుకుని ఉంటారు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఆ ఫోటోలు ఎక్కువగా రెండే రకాలు. ఒక రకంలో ఆకాశం, సముద్రం చక్కగా నీలంగా ఉంటాయి, కానీ రాతి గోడలు బొగ్గు ముద్దల్లా కనిపిస్తాయి. రెండో రకంలో గోడల్లోని ప్రతి రాయీ కనిపిస్తుంది, కానీ ఆకాశం తెల్ల కాగితంలా ఉంటుంది. అక్కడ నిలబడినప్పుడు మన కళ్ళకు రెండూ కనిపించాయి కదా! మరి కెమెరాకు ఎందుకు కనిపించలేదు?

ఈ వ్యాసంలో ఆ ప్రశ్నకు జవాబు చెబుతాను. రెండింటినీ ఒకే ఫోటోలోకి తెచ్చే పద్ధతి కూడా చెబుతాను. నేను బడిలో భౌతికశాస్త్రం బోధిస్తాను. తెలుగు మాత్రం చిన్నప్పుడు గుడి బడిలో, శనివారం మధ్యాహ్నాలు నేర్చుకున్నాను. అందుకే నా తెలుగు కాస్త పుస్తకాల తెలుగు. కెమెరా మాటల్లో తెలుగు ఉన్నచోట తెలుగు వాడతాను. లేనిచోట అందరూ అనే మాటే వాడతాను.

ముందు ఆ చోటు గురించి

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది ఒప్పంద కూలీలు మారిషస్ చేరారు. 1849లో పోర్ట్ లూయీ రేవులో, ట్రూ ఫాన్‌ఫరోన్ అనే చిన్న అఖాతం ఒడ్డున, వచ్చేవాళ్ళ కోసం డిపో కట్టారు. అదే ఇప్పటి ఆప్రవాసి ఘాట్. 1834 నుంచి 1920 వరకు భారతదేశం నుంచి దాదాపు ఐదు లక్షల మంది ఈ రేవుకు వచ్చారు. ఎక్కువమంది ఇక్కడి చెరకు తోటలకు వెళ్ళారు, కొందరు ఇక్కడి నుంచి మరో దేశానికి వెళ్ళారు. వారిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గర, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, కోరంగి అనే రేవు ఉండేది. ఆ రేవు పేరు మీదనే ఈ దీవిలో తెలుగువాళ్ళను కోరంగీలు అన్నారు. 2006లో యునెస్కో ఈ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అప్పటి డిపో అంతా ఇప్పుడు లేదు. ద్వారపాలకుని గది, ఆస్పత్రి కట్టడం, షెడ్ల పునాదులు, నీటి వైపు నుంచి పైకి వచ్చే మెట్లు మిగిలాయి. వీటిని నల్లటి అగ్నిపర్వత శిలతో కట్టారు. మన దీవి అంతా ఆ రాయే. చెరకు పొలాల మధ్య గుట్టలుగా పేర్చిన రాళ్ళూ అవే.

ఇక ఎండ సంగతి. పోర్ట్ లూయీ భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 20 డిగ్రీల దూరంలో ఉంది. నవంబరు మొదట్లో మధ్యాహ్నం 12 గంటలకు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. మీ నీడ మీ కాళ్ళ కిందే ఉంటుంది. నల్లటి రాయి, తెల్లటి ఎండ, పక్కనే మెరిసే నీళ్ళు. కెమెరాకు ఇంతకంటే కష్టమైన పరీక్ష లేదు.

కన్ను, కెమెరా

లెక్క చూద్దాం. వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. నడి ఎండలో సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. చిన్న కిటికీ ఉన్న రాతి గది లోపల 100 లక్స్ ఉందనుకుందాం. తేడా 1,000 రెట్లు. ఇది కాక, నల్లరాయి తన మీద పడిన వెలుగులో కొద్ది భాగాన్నే తిరిగి పంపుతుంది. సున్నం వేసిన గోడ చాలా భాగాన్ని తిరిగి పంపుతుంది. నల్లరాయికి 5 శాతం, తెల్లగోడకు 80 శాతం వేసుకుందాం. అది ఇంకో 16 రెట్లు. గది లోపలి నల్లరాయికీ, బయట ఎండలో ఉన్న తెల్లగోడకూ మధ్య మొత్తం తేడా 16,000 రెట్లు.

ఫోటోలు తీసేవాళ్ళు ఈ తేడాను స్టాప్‌లలో చెబుతారు. ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెండింతలవుతుంది. 10 స్టాప్‌లంటే 1,024 రెట్లు. 14 స్టాప్‌లంటే 16,384 రెట్లు. కాబట్టి మన గది తలుపు దగ్గర కనిపించేది సుమారు 14 స్టాప్‌ల దృశ్యం.

ఇప్పటి మంచి కెమెరాలు 12 నుంచి 14 స్టాప్‌ల దాకా పట్టుకుంటాయి. అయితే బాగా చీకటిగా ఉన్న భాగాన్ని తర్వాత వెలిగిస్తే ఇసుక చల్లినట్టు మచ్చలు కనిపిస్తాయి. ఫోన్‌లోని చిన్న సెన్సర్ ఒక్క ఫోటోలో అంత పట్టుకోలేదు. మామూలు తెర చూపగలిగేది సుమారు 1,000 రెట్ల తేడా. కాగితం మీద అచ్చయ్యే ఫోటోలో నల్ల సిరాకూ తెల్ల కాగితానికీ మధ్య ఉండేది 100 రెట్లకు దగ్గరగా ఉంటుంది. అంటే 16,000 రెట్ల దృశ్యాన్ని 100 రెట్ల కాగితంలోకి దించాలి. పెద్ద బియ్యం బస్తాను చిన్న డబ్బాలో పోయడం లాంటిది ఇది. ఏ గింజలు ఉంచాలో, ఏవి వదలాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి.

కన్ను ఈ పని వేరేగా చేస్తుంది. గోడను చూసినప్పుడు కంటిపాప పెద్దదవుతుంది. సముద్రాన్ని చూసినప్పుడు చిన్నదవుతుంది. మనం ఒక్క చోటే చూపు నిలపం. అటూ ఇటూ చూస్తూ ఉంటాం. మెదడు ఆ చూపులన్నింటినీ కలిపి ఒకే దృశ్యంగా దాచుకుంటుంది. కెమెరా ఒక్కసారే చూస్తుంది. అందుకే కెమెరా చేత కూడా చాలాసార్లు చూపించి, ఆ చూపులను కలపాలి. దీనినే హై డైనమిక్ రేంజ్ అంటారు. పొట్టిగా హెచ్‌డీఆర్.

రెండు నెగటివ్‌లు, ఒక సముద్రం

ఇది కంప్యూటర్లతో పుట్టిన ఆలోచన కాదు. 1850లలో ఫోటోలు గాజు పలకల మీద తీసేవారు. పలక మీద పూసే రసాయనం నీలి వెలుగుకు చాలా త్వరగా స్పందించేది. సముద్రం సరిగ్గా రావాలంటే ఆకాశం పూర్తిగా తెల్లగా అయిపోయేది. 1857లో గుస్తావ్ లె గ్రే అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ సెట్ అనే ఊరి తీరంలో ఒక పెద్ద అలను ఫోటో తీశాడు. ఆకాశానికి ఒక నెగటివ్, సముద్రానికి ఇంకో నెగటివ్ వాడాడు. ఆకాశం సముద్రాన్ని తాకే గీత దగ్గర రెండింటినీ కలిపి ఒకే కాగితం మీద ముద్రించాడు.

ఆ సంవత్సరాల్లోనే మన వాళ్ళ ఓడలు ట్రూ ఫాన్‌ఫరోన్‌కు వస్తున్నాయి. ఆ ఓడల మీది ఆకాశం ఫోటోలో పడదు. ఒక మనిషి మాత్రం రెండుసార్లు చూసి దాన్ని పట్టుకున్నాడు.

కంప్యూటర్‌తో ఈ పని చేసే దారిని 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చూపించారు. వేర్వేరు సమయాలు ఇచ్చి తీసిన ఫోటోల నుంచి దృశ్యంలోని అసలు వెలుగును లెక్కకట్టే పద్ధతి అది. 2010లో ఐఫోన్‌లోకి హెచ్‌డీఆర్ మీట వచ్చింది. ఇప్పుడు చాలా ఫోన్లు మనం అడగకుండానే ఈ పని చేస్తున్నాయి.

గదిలో ఐదు ఫోటోలు

ఆప్రవాసి ఘాట్‌లో పైకప్పు ఉన్న రాతి గదిలోకి వెళ్ళి, తలుపు వైపు తిరగండి. లోపల నల్లరాయి, బయట ఎండ. ఇక్కడే నేర్చుకుందాం.

మొదట కెమెరా కదలకూడదు. దానికి ట్రైపాడ్ కావాలి. తెలుగులో ముక్కాలి అనవచ్చు. మూడు కాళ్ళ పీటను ముక్కాలిపీట అంటారు, ఇదీ అలాంటిదే. దాన్ని పెట్టే ముందు అక్కడి సిబ్బందిని అడగండి. రాళ్ళు పాతవి, జాగ్రత్తగా ఉండాలి. అనుమతి లేకపోతే నిరుత్సాహపడవద్దు. గోడకు ఆనకుండా, మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి కూడా మూడు ఫోటోలు తీయవచ్చు.

రెండోది, కెమెరాలో మారకూడనివి మారకుండా చూడాలి. అపెర్చర్ అంటే కటకం లోపల ఉన్న రంధ్రం. దాన్ని ఎఫ్ 8 దగ్గర ఉంచండి. అది మారితే ఎంత దూరం వరకు స్పష్టంగా ఉండాలన్నదీ మారిపోతుంది, అప్పుడు ఫోటోలు ఒకదాని మీద ఒకటి కుదరవు. ఐఎస్ఓ 100 దగ్గర ఉంచండి. ఫోకస్ ఒకసారి చేసి, చేతి పద్ధతికి మార్చేయండి. రంగుల సమతుల్యాన్ని కూడా ఆటోలో వదలవద్దు. ఎండ అనే గుర్తు దగ్గర పెట్టండి. ఫైలు రకం రా ఉండాలి. రా అంటే పచ్చిది, కెమెరా వండకుండా ఇచ్చేది. వంట మనం ఇంటికి వచ్చి చేస్తాం. ముక్కాలి మీద ఉన్నప్పుడు వణుకును సరిచేసే మీటను ఆపేయండి.

మూడోది, మారవలసినది ఒక్కటే. అది షట్టర్ తెరిచి ఉండే సమయం. ముందు బయటి ఎండకు సరిపడా సమయం చూడండి. ఎఫ్ 8, ఐఎస్ఓ 100 దగ్గర అది సుమారు 1/400 సెకను ఉంటుంది. అక్కడి నుంచి ప్రతిసారీ రెండు స్టాప్‌లు, అంటే నాలుగు రెట్లు పెంచుతూ పోవాలి. 1/400, 1/100, 1/25, 1/6, 0.6 సెకను. ఐదు ఫోటోలు. మొదటి దానిలో సముద్రం, ఆకాశం బాగుంటాయి, గది చీకటి. చివరి దానిలో గోడలోని రాళ్ళు, రాళ్ళ మధ్య సున్నం కనిపిస్తాయి, తలుపు బయట అంతా తెలుపు. చాలా కెమెరాల్లో బ్రాకెటింగ్ అనే ఏర్పాటు ఉంటుంది. ఒకసారి చెబితే అదే వరుసగా తీస్తుంది. వేలితో నొక్కితే కెమెరా కదులుతుంది కాబట్టి రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

సరిపడా తీశామో లేదో ఎలా తెలుస్తుంది? కెమెరా తెర మీద హిస్టోగ్రామ్ అనే కొండ బొమ్మ ఉంటుంది. ఎడమ వైపు చీకటి, కుడి వైపు వెలుగు. అన్నిటికంటే తక్కువ సమయం ఇచ్చిన ఫోటోలో ఆ కొండ కుడి గోడను గుద్దుకోకూడదు. అన్నిటికంటే ఎక్కువ సమయం ఇచ్చిన ఫోటోలో ఎడమ గోడకు అతుక్కోకూడదు. ఈ రెండూ సరిగ్గా ఉంటే మధ్యలోవి వాటంతట అవే సరిపోతాయి.

ఒక సంగతి గుర్తుంచుకోండి. ఏ ఫోటోలోనూ పడని వెలుగును ఏ కంప్యూటరూ తిరిగి తేలేదు. పూర్తిగా తెలుపైన చోట ఏమీ లేదు. పూర్తిగా నలుపైన చోట ఏమీ లేదు. కెమెరా దగ్గర ఉండగా చూడనిది తర్వాత చూడలేం.

మెట్ల దగ్గర

గదిలో రాళ్ళు కదలవు. మెట్ల దగ్గర అన్నీ కదులుతాయి. నీళ్ళు, జెండాలు, చెట్ల ఆకులు, మనుషులు. నవంబరు 2న అయితే పూలదండలు, పట్టు చీరలు, బడి పిల్లలు. ఐదు ఫోటోలు తీసేలోపు ఒక అత్తయ్య రెండు మెట్లు దిగేస్తుంది. కలిపినప్పుడు ఆమె ఐదు చోట్ల పలచగా, గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. ఫోటోగ్రాఫర్లు దీనిని దయ్యం అంటారు. మా గుడి బడి పిల్లలకు ఈ పాఠం చాలా ఇష్టం.

దయ్యాన్ని వదిలించడానికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది, కలిపే ప్రోగ్రామ్‌లో దయ్యాలను తీసివేసే మీట ఉంటుంది. అది కదిలిన భాగానికి ఒక్క ఫోటోనే వాడుతుంది. రెండోది, ఐదు కాకుండా మూడు ఫోటోలు వేగంగా తీయడం. మూడోది, మనుషులు ముఖ్యమైనప్పుడు ఒక్క రా ఫోటోతో సరిపెట్టుకోవడం. అప్పుడు వెలుగు భాగాన్ని కాపాడాలి. పూలు, తెల్ల చొక్కాలు తెల్లబడిపోకుండా చూసుకుని, ముఖాలను ఇంట్లో కొంచెం వెలిగించాలి.

ఫోన్లలో ఇంకో తెలివి ఉంది. కొన్ని ఫోన్లు చాలా తక్కువ సమయం ఇచ్చిన ఫోటోలను వరుసగా ఎన్నో తీస్తాయి. అన్నీ కాస్త చీకటిగానే ఉంటాయి, కాబట్టి ఆకాశం పాడవదు. తర్వాత వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, చీకటిలోని ఇసుక మచ్చలను తగ్గించి, వెలిగిస్తాయి. సమయం తక్కువ కాబట్టి దయ్యాలూ తక్కువ. రాత్రి రామ భజనలో దీపం చుట్టూ తిరుగుతూ పాడేవాళ్ళను తీయాలంటే ముక్కాలి పనికిరాదు, ఈ ఫోన్ పద్ధతే నయం. దీపం కింద చీకటి అంటారు కదా. ఆ చీకటిలో ఉన్న పాదాలు కూడా కాస్త కనిపిస్తాయి. అయితే గుడిలో ఫోటో తీయవచ్చో లేదో పూజారిగారిని ముందే అడగండి.

కలపడం

ఇంటికి వచ్చాక ఐదు ఫోటోలను కలపాలి. లైట్‌రూమ్, ఫోటోమాటిక్స్ డబ్బు పెట్టి కొనేవి. ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్, ఎన్‌ఫ్యూజ్ ఉచితంగా దొరుకుతాయి. దారులు రెండు. ఒక దారిలో ఐదు ఫోటోల నుంచి అసలు వెలుగును లెక్కకట్టి, చాలా పెద్ద ఫైలు చేస్తారు. దానిని ఏ మామూలు తెరా పూర్తిగా చూపలేదు. కాబట్టి ఆ వెలుగును తెరకు సరిపడేలా కుదిస్తారు. దీనికి టోన్ మ్యాపింగ్ అని పేరు. ఇంకో దారిలో అంత లెక్క ఉండదు. ప్రతి చోటా ఏ ఫోటో బాగుందో చూసి, ఆ భాగాన్ని ఎక్కువగా తీసుకుని కలుపుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఈ రెండో దారి మంచిది. ఫలితం సహజంగా ఉంటుంది.

టోన్ మ్యాపింగ్‌లో చాలా మీటలు ఉంటాయి. అన్నింటినీ చివరిదాకా జరపాలనిపిస్తుంది. అప్పుడు గోడ అంచు చుట్టూ దేవుడి పటంలో తల వెనక ఉండే కాంతి చక్రంలా తెల్లని గీత వస్తుంది. ఆకాశం పిడుగు పడబోతున్నట్టు ఉంటుంది. నల్లరాయి ఊదారంగుకు తిరుగుతుంది. వంటలో ఉప్పు లాగే ఇది కూడా. కలిసిందని తెలియాలి గానీ నాలుకకు తగలకూడదు.

నీడ అనే మాట

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఒకసారి గుడి బడి పిల్లలను ఘాట్‌కు తీసుకువెళ్ళాము. ఒక అబ్బాయి గది ఫోటోను ఫోన్‌లోనే సరిచేసి అందరికీ చూపించాడు. మూలమూలా వెలిగిపోతోంది. గోడలో నీడ అన్నదే లేదు. పిల్లలు బాగుందన్నారు. తొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకతె మాత్రం దాన్ని చాలాసేపు చూసి, "అన్నా, మన తాతలు హోటల్లో దిగారా?" అని అడిగింది.

అందరూ నవ్వారు. ఆ అబ్బాయి నవ్వలేదు. ఫోన్ తీసుకుని మళ్ళీ గదిలోకి వెళ్ళాడు. కాసేపు అక్కడ నిలబడి, కళ్ళు అలవాటు పడ్డాక, ఫోటోలోని వెలుగును తగ్గించాడు. "ఇప్పుడు సరిగ్గా ఉందా, మాస్టారూ?" అన్నాడు. సరిగ్గా ఉంది. రాళ్ళు కనిపిస్తున్నాయి, కానీ గది గదిలాగే ఉంది.

ఆ రోజు నేను పిల్లలతో నీడ అనే మాట గురించి మాట్లాడాను. మన క్రియోల్‌లోనూ, ఫ్రెంచిలోనూ ఆలోచిస్తే నీడ అంటే ముందు గుర్తొచ్చేది వెలుగు లేని చోటు. తెలుగులో నీడకు ఇంకో అర్థం ఉంది. ఆశ్రయం. చెట్టు నీడనిస్తుంది. పెద్దవాళ్ళ నీడలో పిల్లలు పెరుగుతారు. ఇల్లు లేనివాణ్ణి నిలువ నీడ లేనివాడు అంటాం. వారాల తరబడి ఓడలో వచ్చి, ఈ ఎండలో, ఈ రాళ్ళ మీద దిగినవాళ్ళకు ఈ గోడల నీడ ఏమై ఉంటుంది? కొంచెం చల్లదనం. కొంచెం భయం కూడా. తోటకు ఎప్పుడు పంపుతారో, ఎవరితో పంపుతారో తెలియదు. ఆ రెండూ ఆ నీడలోనే ఉన్నాయి. మీట జరిపి దాన్ని చెరిపేస్తే ఫోటోలో రాళ్ళు మిగులుతాయి, మనుషులు ఉన్న చోటు పోతుంది.

అందుకే నేను గదిలో ఐదు ఫోటోల దగ్గరే ఆగుతాను. ఆరోది, రెండున్నర సెకన్లది, తీయవచ్చు. తీస్తే మూలలు కూడా పట్టపగలులా వస్తాయి. నాకు అది అవసరం లేదు. నా కొలత ఒక్కటే. గదిలో రెండు నిమిషాలు నిలబడితే కంటికి ఏది కనిపిస్తుందో అదే ఫోటోలో కనిపించాలి. అంతకంటే తక్కువైతే కెమెరా దాచినట్టు. ఎక్కువైతే మనం కల్పించినట్టు.

లె మోర్న్ కొండ

అసలు ఈ పద్ధతి వద్దనిపించే చోటు కూడా ఒకటి చెబుతాను. దీవి నైరుతి మూలన లె మోర్న్ కొండ ఉంది. ఎత్తు 556 మీటర్లు. తోటల నుంచి పారిపోయిన బానిసలు ఆ కొండ మీద, దాని గుహల్లో దాక్కునేవారు. మారిషస్‌లో బానిసత్వం 1835లో రద్దయింది. బానిసలు వదిలిన చెరకు పొలాల్లోకే మన వాళ్ళను తెచ్చారు. 2008లో యునెస్కో ఈ కొండను కూడా తన జాబితాలో చేర్చింది.

సాయంత్రం లా గోలెట్ వైపు నుంచి చూస్తే సూర్యుడు పడమట దిగుతుంటాడు, కొండ నల్లగా నిలబడి ఉంటుంది. ఇక్కడ ఐదు ఫోటోలు తీసి కలిపితే కొండ మీది ప్రతి పొదా, ప్రతి పగులూ కనిపిస్తుంది. చూడటానికి వింతగా ఉంటుంది. కానీ అది దాక్కునే చోటు. చీకటి పడుతుంటే అక్కడ ఏమీ కనిపించకపోవడమే వాళ్ళకు రక్ష. నేను అక్కడ ఆకాశానికి సరిపడా ఒక్క ఫోటో తీస్తాను. కొండను నల్లగానే ఉండనిస్తాను. మరీ కావాలంటే రెండు ఫోటోలు చాలు, కొండ పాదం దగ్గరి నీళ్ళు కొంచెం తెలిసేలా.

అన్నిచోట్లా ఒకే మీట పనికిరాదు. ముందు చోటు ఏమిటో తెలుసుకోవాలి. తర్వాత ఎంత వెలుగు ఇవ్వాలో తెలుస్తుంది.

ముఖాలు

మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో మన వలస రికార్డులు ఉన్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఓడ పేరు ఆ పుస్తకాల్లో రాసి ఉంటాయి. 1860లలో కూలీల ఫోటోలు తీసి టికెట్ మీద అంటించే పద్ధతి వచ్చింది. ఆ టికెట్ ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. లేకుండా దొరికితే పట్టుకునేవారు. ఆ ఫోటోలు గుర్తుపట్టడానికి తీసినవి. ఈనాడు వాళ్ళ మునిమనవలు గుర్తుంచుకోవడానికి వాటిని వెతుక్కుంటున్నారు. తీసినవాడి ఉద్దేశం ఏదైనా, ముఖం మీద వెలుగు పడింది కాబట్టి ముఖం మిగిలింది.

మా ఇంట్లో ఒక ఫోటో ఉంది. తోటలోని వరస ఇళ్ళలో, తలుపు దగ్గర మా నాయనమ్మ నిలబడి ఉంది. వెనక చెరకు. ఎవరో చుట్టం తీశాడు. ఎండలో చెరకు ఆకులు ఒక్కొక్కటి లెక్కపెట్టవచ్చు. నాయనమ్మ మాత్రం చీర కట్టిన ఒక నల్లటి ఆకారం. ముఖం లేదు. నెగటివ్ ఎప్పుడో పోయింది. ఆ కాగితాన్ని మంచి స్కానర్ మీద పెట్టి, నలుపును ఎంత వెలిగించినా ఇసుక మచ్చలే వచ్చాయి. నాకు ఆమె ముక్కుపుడక గుర్తుంది. మా పిల్లలకు చూపించడానికి ఏమీ లేదు. ఆమెకు ఉన్న ఫోటో అదొక్కటే.

కాబట్టి ఈ పాఠం ఘాట్ రాళ్ళ కోసమే కాదు. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్ళను తలుపు దగ్గర కూర్చోబెట్టండి. అమ్మమ్మ కావచ్చు, తాతయ్య కావచ్చు, పక్కింటి పెద్దమ్మ కావచ్చు. వాళ్ళు గడపకు లోపల, నీడలో ఉండాలి. ముఖం బయటి వెలుగు వైపు తిరిగి ఉండాలి. మీరు బయట నిలబడి తీయండి. అప్పుడు ఎండ వాళ్ళ ముఖానికి ఎదురుగా ఉంటుంది, కానీ నేరుగా పడదు. వాళ్ళ వెనక గది కూడా కనిపించాలంటే హెచ్‌డీఆర్ వాడండి.

ఫోన్ కటకాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. తెర మీద ముఖాన్ని ఒకసారి తాకండి. పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కొంచెం పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది, కిందకి జరిపితే తగ్గుతుంది. మన చర్మం రంగు నలుపైతే నలుపుగానే, చామనచాయైతే చామనచాయగానే రావాలి. ఫోన్ తనంతట తాను తెల్లగా చేసే అందాల మీట ఉంటే ఆపేయండి. అదీ ఒక రకంగా ముఖాన్ని చెరపడమే. కెమెరా ఉన్నవాళ్ళు మూడు ఫోటోలు తీయండి. కదలవద్దని అమ్మమ్మకు చెప్పకండి, చెబితే బిగుసుకుపోతుంది. ఏదైనా పాత సంగతి అడగండి. ఆమె ఆలోచించుకునేటప్పుడు రెండు సెకన్లు కదలదు. అప్పుడు తీయండి.

తర్వాత ఆ ఫోటోను కాగితం మీద అచ్చు వేయించండి. ఫోన్లు మారిపోతాయి, కాగితం పెట్టెలో ఉంటుంది. వెనక మెత్తటి పెన్సిల్‌తో పేరు, తేదీ, ఊరు తెలుగులో రాయండి. తెలిస్తే మీ ఇంటికి మొదట వచ్చినవాళ్ళ ఓడ పేరు కూడా రాయండి. ఒత్తులు, దీర్ఘాలు తప్పినా ఫరవాలేదు. వచ్చే శనివారం తరగతిలో దిద్దుకుందాం.